కణాల్లేని ట్యూబు

నాకు ఒకచోట కూర్చోవడం రాదు. ట్యూబులను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ రెండు గంటలు తిరగాలంటే ఆ రెండు గంటలూ దాని చుట్టూ నేనూ తిరగాల్సిందే. కాలుగాలిన పిల్లి అనేది మా అమ్మ. ల్యాబులో ఎవరూ అలా అనలేదు గానీ, నేను వస్తుంటే దారిలో ఉన్న స్టూళ్లు మాత్రం పక్కకు జరిపేవాళ్లు.

తెలంగాణ రావడానికి ఏడాదో రెండేళ్లో ముందు మాట. మేం నాచారంలో ఉండేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన నాన్న అక్కడి ఫ్యాక్టరీలో గుమాస్తా. నేను ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధనశాలలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఐదో ఏడు నడుస్తోంది, ఆ ఏడాదితో ఫెలోషిప్ ఆగిపోతుంది, జర్నల్లో అచ్చయిన పేపరు ఒక్కటీ లేదు. పేపరు లేకపోతే డిగ్రీ లేదు. రోజూ పొద్దున్నే ఈ లెక్కతోనే మెలకువ వచ్చేది.

నా పని మైక్రోగ్లియా మీద. ఇవి మెదడుకు కాపలా కణాలు. ఎక్కడ దెబ్బ తగిలినా, ఏ క్రిమి దూరినా ముందు ఇవే లేస్తాయి. లేచిన కణం తన పొరను చిన్న చిన్న బుడగలుగా తుంచి బయటికి వదులుతుంది. ఆ బుడగల్లో ఏదో కబురు ఉంటుంది. పక్క కణం దాన్ని అందుకుని తనూ లేస్తుంది. ఆ కబురు నిజంగా చేరుతోందని చూపించాలి, అంతే. వినడానికి ఎంత తేలికో!

ఎలుక పిల్లల మెదడులోంచి తీసిన కణాలను డిష్‌లో పెంచి, బ్యాక్టీరియా ముక్కలతో రెచ్చగొట్టి, తర్వాత అవి మునిగి ఉన్న ద్రవాన్ని తీసి విపరీతమైన వేగంతో తిప్పితే, బుడగలు ట్యూబు అడుగుకు దిగుతాయి. దిగాయని నమ్మాలి. కంటికి ఏమీ కనిపించదు. ఆ కనిపించనిదాన్ని కడిగి, నెమ్మదిగా ఉన్న కణాల డిష్‌లో వేసి, అవి లేస్తాయా అని చూడాలి. మూడేళ్లు వేశాను. ఒక్కటీ కదల్లేదు.

నాలుగో ఏడు వేసవి దాటాక కదిలాయి. కొమ్మలు చాచుకుని ఉన్న కణాలు ముడుచుకుని గుండ్రంగా లేచి కూర్చున్నాయి. పోలిక కోసం రెచ్చగొట్టని కణాల బుడగలు వేస్తే మాత్రం చలనం లేదు. మళ్లీ చేశాను, అదే వచ్చింది. మా గైడ్ సార్ ఎప్పుడూ లేనిది నా భుజం తట్టి, "రాసేయ్" అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచి కాదు, ఎగిరి వెళ్లాను.

పేపరు సగం రాశాక ఒక మధ్యాహ్నం మా అటెండర్ అన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, నాగారం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. కణాలు మునిగి ఉండే ద్రవంలో, అంటే మీడియంలో, వాటికి తిండిగా కలిపే దూడ రక్తపు సీరాన్ని కరిగించి, వేడిచేసి, ట్యూబుల్లోకి పంచడం, గాజు సామాను కడగడం ఆయన పనే.

"బిడ్డా, ఒక్క మాట జెప్త, ఏమనుకోకు. సీరం కొత్త సీసాలు వచ్చినంకనే గద నీ కణాలు గిట్ల లేస్తున్నయి?"

"దానికీ దీనికీ ఏం సంబంధం అన్నా?" అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినిపించింది.

"నాకేం తెల్సు? పాత సీసాలప్పుడు మూడేండ్లు ఏడ్సినవ్. సీసా మారింది, నవ్వుతున్నవ్. కణాలు ఎయ్యకుంట ఉత్త మీడియం ఒక్కపారి తిప్పి సూడరాదు?"

కోపం వచ్చింది. నాకు చెప్పేవాడా అనిపించింది. ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా, కొత్తగా లేస్తున్న మెట్రో స్తంభాల పక్కనుంచి దుమ్ములో నడిచి వెళ్లాను. హబ్సిగూడ దాటేసరికి కాళ్లు వాటంతట అవే ఆగాయి. బంద్ ఎప్పుడు పెడతారో, కణాలు ఎప్పుడు చస్తాయో తెలియదని పోలికకు వాడే ట్యూబులన్నీ ఒకేసారి చేసి ఫ్రీజర్‌లో దాచుకున్నాను. అవన్నీ పాత సీసాలప్పటివి. రెచ్చగొట్టిన కణాలవి మాత్రం కొత్త సీసావి. తేడా కణాలది కాక సీసాలదే అయితే? ఎంత తెలివితక్కువదాన్ని!

మర్నాడు కణాల్లేని డిష్ పెట్టాను. కొత్త సీరం కలిపిన మీడియం, అంతే. అన్ని రోజులే ఉంచి, అలాగే తిప్పి, అలాగే వేశాను. కళ్లు మైక్రోస్కోపుకు ఆనించడానికి భయమేసింది. కణాలు లేచి కూర్చున్నాయి. దూడ రక్తంలోనూ బుడగలు ఉంటాయి మరి, ఈ కొత్త సీసాలో కాస్త ఘాటైనవి. ఇన్నాళ్లూ నేను విన్న కబురు మైక్రోగ్లియాది కాదు, ఎవరికీ తెలియని ఏదో దూడది.

దాచేద్దామా అని ఒక పూటంతా వరండాలో తిరిగాను. దాచలేక సార్ గదికి వెళ్లి ఫొటోలు ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటే దగ్గరికి తీసుకుని చూశారు.

"ఈ ట్యూబు పెట్టాలని నీకెలా తట్టింది?"

అన్న అప్పుడే లోపలికి వచ్చి సార్ బల్ల మీద టీ పెడుతున్నాడు.

"ఊరికే అనుమానం వచ్చింది సార్."

"ఇప్పుడు నువ్వు సైంటిస్టువి అనిపించుకున్నావు. ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించమని రాస్తాను," అన్నారు.

రెండు రోజులు అన్న ఎదురుపడకుండా తప్పుకుని తిరిగాను. మూడో రోజు అన్న దగ్గరికి వెళ్లి తప్పయిందన్నాను. ఆయన నవ్వాడు. "పోనీ తియ్యి బిడ్డా. జెప్తే నాకేమన్న డిగ్రీ పట్టా ఇస్తరా?" ఆ నవ్వు భరించలేక తిన్నగా సార్ దగ్గరికి వెళ్లి, ఆ ఆలోచన నాది కాదు, అటెండర్ అన్నదేనని చెప్పేశాను.

"ఎవరు చెబితే ఏముంది? సీరం బుడగలు లేకుండా ఎప్పుడు మొదలుపెడుతున్నావు?" అన్నారు సార్, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే. నాకు ముందు కలిగింది ఊరట. సిగ్గు తర్వాత వచ్చింది.

సీరంలోని బుడగలను ముందే తిప్పి తీసేసి, మూడింతల కణాలు పెట్టి ఏడాదిపాటు చేశాక అసలు కబురు దొరికింది. చాలా సన్నటిది, కానీ నిజమైనది. పేపరు వచ్చింది. థీసిస్ రాశాను. కృతజ్ఞతలు చెప్పే పేజీలో అన్న పేరు వేశాను, గాజు సామాను శుభ్రంగా కడిగిపెట్టినందుకు అని.

అచ్చయ్యాక తెచ్చి చూపిస్తే, తన పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదువుకున్నాడు. పక్కన ఏం రాశానో అడగలేదు.

"మస్తుగుంది బిడ్డా," అన్నాడు.