పొయ్యి ఆర్పే రోజు

మా అమ్మ కాంతమ్మ కోపం గురించి మా వంశంలో ఎవరూ మంచిగా చెప్పరు. నేను చెబుతాను. ఆ కోపమే లేకపోతే నేను లేను.

ఆమె పుట్టిల్లు మైసూరు రాజ్యంలోని ముళబాగిలు. టిప్పు సుల్తాను తమ పూర్వీకులకు చెరువు కింద మడి ఇచ్చాడని ఆ ఇంట్లో ఏటా ఆయన పేరు మీద దీపం పెట్టేవారు. 1941లో ఆమె పుంగనూరుకు కోడలిగా వచ్చింది. ఆ ఊళ్ళో అదే సుల్తాను దండు మా వాళ్ళను ఏడుగురిని నరికిందని ఏటా ఒక రోజు పొయ్యిలో నీళ్ళు పోసేవారు. వీధంతా మా వంశమే. మర్నాడు తెల్లారేదాకా ఏ ఇంట్లోనూ నిప్పు రాజేయరు.

1944లో, నాకు ఏడాది నిండకముందే, నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సు జయరత్నం మందిచ్చి, "కాచి సల్లార్చిన నీళ్ళే తాపమ్మా. పచ్చినీళ్ళు తాపితే బిడ్డ దక్కదు" అని చెప్పి పంపింది. మూడో నాడే పొయ్యి ఆర్పే రోజు. ముందురోజు కాచిన నీళ్ళు మధ్యాహ్నానికి అయిపోయాయి. నా నాలుక పిడచకట్టుకుపోయింది.

అమ్మ అగ్గిపెట్టె తీసింది. మా నాయనమ్మ పాపక్క పొయ్యికి అడ్డంగా కూర్చుంది.

"సుల్తాను ఇచ్చిన మడి తిని పెరిగినదానివి. మా ఏడుపు నీకేం తెలుస్తాది?"

ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నూటయాభై ఏళ్ళ కిందట పోయినవాళ్ళ కోసం ఏడ్చే మనిషికి, ఎదురుగా పోతున్న పిల్ల కనబడలేదా? మా నాన్న గురప్ప గుమ్మంలో నిలబడి గోళ్ళు గిల్లుకున్నాడట. మహా మగాడు!

అమ్మ నడివీధిలో మూడు రాళ్ళు పెట్టి మంట వేసింది. జనం మూగారు.

"ఆడ దీపం పెడతారు, ఈడ పొయ్యి ఆర్పుతారు. ఆయన్ని సూసినోళ్ళు ఆడా లేరు, ఈడా లేరు. నా బిడ్డ నా కండ్ల ముందర ఉండాది. రాండి, ఎవరార్పుతారో సూస్తాను!"

ఎవరూ కదల్లేదు. నీళ్ళు కాగాయి.

నేను బతికాను. నాయనమ్మ మాత్రం చచ్చేదాకా అమ్మ చేతి కూడు ముట్టలేదు. మరుసటేడు పుట్టింట్లో దీపం పెడుతుంటే అమ్మ ఆ ఏడుగురి సంగతి ఎత్తింది. "మా సుల్తాను అట్ల సేసుండడు. నువ్వు ఆ ఊరిదానివైపోయినావు, ఆడికే పో!" అని ఆమె అన్న మల్లప్ప గడప దాటించాడు. అమ్మ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

బతికినన్నాళ్ళూ ఆ రోజు అమ్మ ఏడుగురికీ దణ్ణం పెట్టి, పొయ్యి వెలిగించేది. నేను పెళ్ళై కుప్పం వచ్చాను. ఇక్కడ ఆ రోజు సంగతి ఎవరికీ తెలియదు. అయినా ఆ పొద్దున లేవగానే నీళ్ళు కాస్తాను.