చొక్కా ఇవ్వని మనిషి

గుండె స్కాన్ తీసే ఎకో గదికి కిటికీ లేదు. ఉన్నదల్లా ఒక మంచం, ఒక మిషను, ఒక స్టూలు, ఆ స్టూలు మీద పద్దెనిమిదేళ్లుగా కూర్చున్న మనిషి. ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి చీకటక్క అంటారు. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో వచ్చిన పేషెంట్లనే అడిగి తెలుసుకుంటుంది.

నేను బస్సు డ్రైవర్ని. మూడు రోజులుగా నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం. గ్యాసేలే అనుకున్నాను. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను కానీ, పన్నెండున్నరకల్లా బండి తీయాలి.

"చొక్కా విప్పి ఎడమవైపు తిరిగి పడుకో తమ్ముడూ," అంది. ఛాతీ మీద చల్లగా జెల్ పూసి, తెర చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి దాని మీదికి వంగింది.

"ఏమైందక్కా?"

"ఏం లేదు. ఇంకొక్క బొమ్మ."

ఆ ఒక్కటీ పదయ్యాయి. మధ్యలో ఫోనెత్తి, "డాక్టరు గారిని వెంటనే రమ్మనండి," అంది. ఆయన వేరే కేసులో ఉన్నాడట. రిపోర్టు సంగతి డాక్టరే చెప్పాలి, తీసేవాళ్లు నోరు విప్పకూడదు. అది అక్కడి రూలు. నాకేమో గోడలు మీదికొస్తున్నట్టుంది, ఊపిరాడటం లేదు. గది ఇరుకు వల్లే అనుకున్నాను, వెర్రివెధవని.

"నేను పోతా. నా చొక్కా ఏది?"

చూద్దును కదా, నా చొక్కా మీదే కూర్చుంది!

"లేవక్కా! నా ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీ. కదలకు." భుజం పట్టుకుని అదిమింది. రెండో చేత్తో మళ్లీ ఫోనెత్తింది. అప్పుడేసింది నాకు భయం.

ఇరవై నిమిషాలకు డాక్టరొచ్చాడు. "గుండెలో కుడి గది ఉబ్బిపోయి ఎడమదాన్ని నొక్కేస్తోంది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు అడ్డుపడ్డట్టున్నాయి. ఒక్కడుగు కూడా వెయ్యనివ్వకండి," అన్నాడు. సీటీ స్కాన్‌లోనూ అదే తేలింది. గంటల తరబడి సీట్లో కూర్చుంటే నా కాల్లో పుట్టిన గడ్డలే పైకి పాకాయట.

పది రోజులకు డిశ్చార్జి అయ్యాను. తిన్నగా ఆ గదికి వెళ్లి గొడవేసుకున్నాను.

"ఒక్క ముక్క చెబితే నీ సొమ్మేం పోయిందక్కా? ఇరవై నిమిషాలు నరకం చూశాను!"

చీకటక్క ఆరిపోయిన తెర వైపే చూస్తూ అంది.

"ఒకసారి రూలు తప్పి చెప్పేశాను. ఇదే మంచం మీద, మా నాన్నకి. 'ఓస్, ఇంతేనా! ఇంటికెళ్లి అమ్మకి చెప్పొస్తా' అని లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. మూడో గుండీ దాకానే పెట్టుకున్నాడు."