పెనుకొండ దగ్గర రెండో పొగ

1963 అక్టోబరులో నేను బెంగుళూరులో ఉండి ప్రభుత్వపు చిన్న విమానం నడిపేవాణ్ణి. హోదాకి పైలట్‌ని, పనికి మోతగాణ్ణి: మందులు, కాగితాలు, అప్పుడప్పుడూ అధికారులు. ఆ నెల వానలకు హిందూపురం రోడ్డు తెగింది, రైళ్లు ఆగాయి. గంగప్ప అనే రైతు కాలికి నాగటి కర్రు గుచ్చుకుని, ధనుర్వాతంతో పెనుకొండ ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడ ఆ జబ్బుకు వేసే సీరం అయిపోయింది. దాన్ని తీసుకుని హిందూపురం వైపు మనిషే అయిన ఒక డాక్టరు నా వెనక సీట్లో కూర్చున్నాడు.

పెనుకొండ బయట గరుకు నేల మీద ఒక రన్‌వే ఉండేది, దానికి ఉత్తరాన కొండ. విమానం గాలికి ఎదురుగా దిగాలి. ఆ రోజు గాలి మా వెనక నుంచి, అంటే దక్షిణం నుంచి వీస్తోంది. అలాంటప్పుడు రన్‌వే పక్కగా ఎగిరి, కొండ దగ్గర చుట్టు తిరిగి, అవతలి కొన నుంచి దిగుతాం. దీన్నే సర్కిలింగ్ అంటాం. నియమం ఒక్కటే. తిరిగినంతసేపూ రన్‌వే కంటికి ఆనాలి. మాయమైతే ఆ క్షణమే పైకి లేవాలి.

గాలి ఎటో మాకు తెలియడానికి కాపలాదారు మస్తాన్ కాయ దులిపిన తడి వేరుశెనగ కట్టె అంటించి పొగ పెట్టేవాడు. ఎప్పుడూ ఒకే కుప్ప, రన్‌వేకి దూరంగా. ఆ రోజు రెండు కుప్పలు కనిపించాయి. రెండోది దక్షిణపు కొనకు ఆనుకుని ఉంది. దాని పొగ మబ్బు కింద అణిగి, రన్‌వే పొడుగునా పరుచుకుంది.

మొదటిసారి చుట్టు తిరుగుతుండగా రన్‌వే కనుమరుగైంది. పైకి లేచాను. ఇంకొక్కసారే, అది కూడా కుదరకపోతే ధర్మవరం వెళ్లి దిగాలని అప్పుడే తీర్మానించుకున్నాను. రెండోసారీ అక్కడే మాయమైంది. పైకి లేస్తుంటే పొగ చీలి నేల ముక్క ఒకటి కనిపించింది.

"అదో, కనపడతాండాది! దించప్పా, ఆడ మనిషి సస్తాండాడు!" అని డాక్టరు అరిచాడు.

నాకూ కనిపించింది. ఆ కొండ నాకు మా ఇంటి గడపలాగే తెలుసు. దించాలని చెయ్యి లాగింది కూడా. అయినా ఇంజనుకు పూర్తి జోరు ఇచ్చి ధర్మవరం వైపు మళ్లించాను.

అక్కడ ఆకాశం తెరిపిగా ఉంది. ఊరి బయట మైదానంలో దిగి, ఆ వైపు రోడ్డు తెగలేదు గనుక డాక్టర్ని జీపులో పంపాను. సీరం మూడు గంటలు ఆలస్యంగా చేరింది. మర్నాడు గంగప్ప చనిపోయాడు. ఆ మూడు గంటలు మిగిలి ఉంటే బతికేవాడా అని తర్వాత అడిగాను. "చెప్పలేనప్పా" అన్నాడు డాక్టరు.

రెండో కుప్ప పెట్టినవాడు దొరికితే కడిగిపారెయ్యాలని వారమంతా పళ్లు నూరాను. మళ్లీ పెనుకొండలో దిగినప్పుడు గంగప్ప వాళ్లన్న నరసింహప్ప నా కోసం కాచుకుని ఉన్నాడు.

"ఏమప్పా, ఆ పొద్దు నీకు ఈ తావు కనపల్లేదా? బాగా కనపడాలని నేనే ఇంకో కుప్ప అంటిస్తి గదా!"

"మబ్బు శానా ఉండెనప్పా" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం రిపోర్టులో రాశాను, పేరు రాయలేదు. రన్‌వే దగ్గర ఒకే పొగ ఉండాలని ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది.

తర్వాత నా దగ్గర నేర్చుకున్నవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ణి. కొండ తెలియని పైలట్ భయపడి తనంతట తనే వెనుదిరుగుతాడు. తెలిసినవాడే రన్‌వే కనపడకపోయినా చుట్టు తిప్పేస్తాడు. నియమం రాసింది వాడి కోసం. ఆ పరిస్థితి మళ్లీ వస్తే మళ్లీ ధర్మవరమే వెళ్తాను. దిగి ఉంటే గంగప్ప బతికేవాడేమో, అదీ కాదనను.