మస్కట్ కంప్యూటరూ... నేను రాసిన అంచూ

మా చిన్నప్పుడు... సిరిసిల్లలో మా ముందరి గదిలో మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, మస్కట్ నుంచి తెచ్చిన కంప్యూటర్ ఉండేది. ఇప్పటివాటిలా కాదు... ఒక్క కీబోర్డు డబ్బా, అంతే. దాన్ని వైర్లతో టీవీకీ, టేపురికార్డరుకూ కలపాలి. రాసిన ప్రోగ్రామంతా పాటల క్యాసెట్లోనే, కీచుమనే చప్పుడుగా దాచుకోవాలి.

బాపు తెచ్చింది అన్న కోసం. అన్న పదిహేను రోజులు ఆటలాడి, విసుగొచ్చి క్రికెట్‌కు పోయాడు. నేను పట్టుకున్నాను. అవ్వ, అంటే మా అమ్మ, పక్కన కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే... దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అర్థమైనా కాకున్నా ఒక్కో అక్షరం కొట్టేదాన్ని. ఒక్క కామా తప్పితే మళ్లీ మొదటికే. ఎండాకాలం సెలవులన్నీ దానికే పోశాను.

చివరికి ఒకరోజు, నేను సొంతంగా రాసిన ప్రోగ్రాంతో, టీవీ మీద చీర అంచు తనంతట తానే నేసుకుంటూ పోయింది... బాపు మస్కట్ పోకముందు మగ్గం మీద నేసిన త్రికోణాల అంచు! నాకప్పుడు పదకొండేళ్లు. కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆ రోజుల్లో మస్కట్‌కు ఉత్తరాలు కూడా క్యాసెట్లలోనే పంపేవాళ్లం. ఒక్కొక్కరం పేరు చెప్పి మాట్లాడాలి. ఆ అలవాటు కొద్దీ, ప్రోగ్రాం క్యాసెట్లోకి ఎక్కించే ముందు నేను రికార్డు బటన్ నొక్కి నాలుగు మాటలు మాట్లాడాను.

మరుసటి ఏడు బాపు సెలవు మీద వచ్చాడు. నేను వంటింట్లో రొట్టెలు కాలుస్తున్నాను. అన్న ఆ క్యాసెట్ పెట్టి, అంచు చూపించి, తానే చేశానన్నాడు. నేను ఉరికొచ్చేసరికి బాపు తన చేతి గడియారం విప్పి వాడికి పెట్టేశాడు. నేను నోరు తెరవబోతే అవ్వ కళ్లురిమింది... అన్నతో వంతులేంది, బాపు సంబురం ఖరాబు చెయ్యకు అని. వైరు పెడితే టేపురికార్డరు స్పీకరు మూగబోతుంది కదా... క్యాసెట్లో నా మాటలూ ఎవరికీ వినపడలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. గడియారం కోసం అలిగిందన్నారు! సొమ్మొకడిది, సోకొకడిది.

మొన్న అన్న ఆ డబ్బాను అటక మీంచి దించి, నేనూ చూసే, పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో ఫొటో పెట్టాడు. పదమూడేళ్లప్పుడు తాను రాసిన ప్రోగ్రామట! ఇన్నేళ్లకైనా సిగ్గు రాలేదు. గ్రూపువాళ్లు పాపం మంచివాళ్లు. టేపురికార్డర్ల బెల్టులు మార్చుకుంటూ, విరిగిన కీలు ఒకరికొకరు పంపుకుంటూ పాత యంత్రాలను బతికిస్తుంటారు. క్యాసెట్ చప్పుడు పంపితే మేమూ నడిపించుకుంటామని అడిగారు. అన్న వినకుండానే వైరు పెట్టి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పంపేశాడు.

గంటకల్లా ఎవరో అడిగారు... "సుజాత ఎవరు సార్?"

కీచు చప్పుడుకు ముందు నా చిన్నప్పటి గొంతు... "బాపూ, నేను సుజాతను మాట్లాడుతున్న. గీ అంచు నేనే రాసిన. అచ్చం నీ అంచు లెక్కనే ఉన్నదా? చూసి చెప్పు."

వెంటనే అన్న ఫోన్. "జర ఊకో చెల్లె. చిన్నప్పటి ముచ్చటాయె. అన్ననే నేర్పిండని గ్రూపుల ఒక్క మాట రాయి."

అరికాలి మంట నెత్తికెక్కింది. రాయను. ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను... వాడూ చదువుకోనీ.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టి వినిపించాను. రెండుసార్లు విన్నాడు. గప్పుడే నాకెందుకు చెప్పలే బిడ్డా అన్నాడు.

ఆయన మీదా కోపమొచ్చింది నాకు.

"చెప్పిన బాపూ... నిన్ను పిలిచే చెప్పిన."

ఇప్పుడు ఎవరేం మాట్లాడినా క్షణంలో లోకమంతా వింటుంది... అప్పుడు నా మాట ఒక్క మనిషికి వినపడితే చాలనుకున్నాను. మీ అటకల మీద పాత క్యాసెట్లుంటే, ఎవరివో చెప్పేముందు ఆ వైరు పీకి ఒక్కసారి వినండి. ఎవరి గొంతు దొరికిందో ఇక్కడ రాయండి... పేరుతో సహా.