నల్ల మూలల గ్రీటింగ్ కార్డు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెడితే మా అమ్మ వంటింట్లోంచే నవ్వుతుంది, నువ్వు పెద్దగయింది ఎప్పుడే అని. నిజమే, ఆ మాట అనడానికి నెత్తిన కొన్ని తెల్ల వెంట్రుకలైనా ఉండాలి. నాకున్నది ఒక్కటే, అదీ షాంపూ పడకపోవడం వల్ల వచ్చిందట. అయినా ఈ సంగతి చెప్పడానికి మా ఇంట్లో ఇంకెవరూ పనికిరారు. మా బాపు మొదలుపెడితే రెండో వాక్యానికే కళ్లు తుడుచుకుంటాడు. మా మేనత్తకు మొదటి వాక్యం కూడా అక్కర్లేదు. అందుకని పని నా మీద పడింది.

అప్పుడు నేను నాలుగో తరగతి. సిద్దిపేటలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా తాతయ్యకు షుగర్ ఉండేది. ఎడమ కాలి బొటనవేలును చెప్పు కరిచింది. చిన్న పుండు. తాతయ్య దాన్ని లెక్క చేయలేదు. అది మాత్రం తాతయ్యను బాగానే లెక్క చేసింది. దవాఖానకు తీసుకుపోయేసరికి పాదం వంకాయ రంగుకు తిరిగింది. మోకాలి కింది వరకు తీసేయాలి, లేకపోతే విషం ఒంట్లోకి పాకుతుందని డాక్టరు చెప్పాడు. తాతయ్య వద్దన్నాడు. ఆ ఒక్క మాట అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినడం మానేశాడు, మాట్లాడటం మానేశాడు. సంతకం పెట్టమని కాగితం తెస్తే గోడకే చూపించమన్నట్టు వీపు చూపించాడు.

బాపు ఆయన కాళ్ల మీద పడ్డాడు. అంటే ఒక కాలి మీద పడ్డాడు, రెండోదాన్ని ముట్టుకునే వీలు లేదు. మేనత్త కొమురవెల్లి మల్లన్నకు మొక్కింది. ఒక్క దేవుడి మీద అంత బరువు ఎందుకని ఏడుపాయల తల్లికీ మొక్కింది. చుట్టాలు వరుసగా వచ్చి, షుగరున్న మనిషికి అరటిపండ్లు ఇచ్చి, బతుకు మీద ఆశ పెట్టుకొమ్మని చెప్పి, బస్సు టైం అయిందని వెళ్లిపోయారు. తాతయ్య ముందు కాలు అనే మాటే ఎత్తొద్దని మేనత్త అందరికీ ఆజ్ఞ వేసింది. అందుకని అందరూ "అది" అనేవారు, "ఆ పని" అనేవారు. వింటే ఆ మంచం మీద మనిషికి కాళ్లే లేవేమో అనిపించేది.

ఇప్పుడు ఇట్లా చెప్తున్నాను గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. జ్వరం పెరుగుతోందని, రేపటిదాకా చూస్తామని, ఆ తర్వాత ఒప్పుకున్నా చేయడానికి ఏమీ మిగలదని డాక్టరు బాపును వరండాలోకి పిలిచి చెప్పాడు. బాపు ఇంటికొచ్చి అమ్మకు చెప్తుంటే తలుపు వెనక నేను విన్నాను. తాతయ్య పోతాడు అని అప్పుడు అర్థమైంది. ఏడుపు రాలేదు. మా ఇంట్లో ఏడవడానికి అప్పటికే మనుషులు ఎక్కువయ్యారు.

అమ్మ నన్ను పక్కింటి అక్క దగ్గర వదిలి దవాఖానకు పోయింది. ఆ అక్క ఇంట్లో కూర్చుని గ్రీటింగ్ కార్డులు చేసి గాజుల దుకాణానికి ఇచ్చేది. ఆమె గదిలో నేల కనిపించేది కాదు. పాత పెండ్లి కార్డుల నుంచి కోసిన బంగారు అంచులు, చమ్కీ కాగితాలు, బకెట్ నీళ్ల మీద రంగు చుక్కలు తేల్చి ముంచి తీసిన కాగితాలు, అవి ఆరడానికి కట్టిన తాళ్లు. రబ్బర్ల మీద బ్లేడుతో చెక్కిన ముద్రలు ఒక పౌడర్ డబ్బా నిండా ఉండేవి. అక్క మాట తక్కువ. జాలి పడటం ఇంకా తక్కువ. నన్ను చూసి తలమీద చేయి వేయలేదు, అయ్యో బిడ్డా అనలేదు. బెండకాయను అడ్డంగా కోసి నా చేతికిచ్చింది.

"ముద్ర కొట్టు. పువ్వు వస్తది. తాతకు కార్డు చెయ్యి."

"తాత సూడడక్కా. గోడకు తిరిగిండు."

"గోడకు అంటియ్యి. సూడక ఏం జేస్తడు."

నేను ఎర్ర సిరాతో బెండకాయ పువ్వులు కొట్టాను. డబ్బాలోంచి నెమలి ముద్ర తీసి మధ్యలో కొట్టాను, అది కోడిలా పడింది. లోపల "తాతా, తొందరగ ఇంటికి రా" అని రాశాను. అంతా అయ్యాక ఏదో తక్కువైనట్టు అనిపించింది. మా ఇంటికి వచ్చే పెండ్లి కార్డులకు నాలుగు మూలలా పసుపు పూసి ఉంటుంది కదా, మంచి జరగాలని. నేనూ పూశాను. పొడి పసుపు రాలిపోయి పువ్వుల మీద పడింది. ఊదితే పోయింది, మూలలు మళ్లీ తెల్లగా మిగిలాయి. మంచి అట్లా రాలిపోతే ఎట్లా? సిరా అయితే ఆరితే పోదని అక్క అంతకుముందే చెప్పింది. ఎర్ర ప్యాడు ఎండిపోయింది. నల్ల ప్యాడు మాత్రం అప్పుడే మూత తీసింది, నిగనిగలాడుతోంది. బొటనవేలు అద్ది నాలుగు మూలలా గట్టిగా, ఎప్పటికీ పోకుండా పూశాను. అక్క పొయ్యి మీద పాలు దింపి వచ్చేసరికి కార్డు కవరులో ఉంది.

తెల్లారి అక్క నన్ను దవాఖానకు తీసుకుపోయింది. తాతయ్య అట్లాగే గోడవైపు ఉన్నాడు. మెడ వెనక ఎముకలు తేలి, ఎవరో పెద్ద చొక్కాలో చిన్న మనిషిని పెట్టినట్టున్నాడు. మేనత్త కవరు తీసుకుని, నాయినా, నీ మనుమరాలు నీకు కార్డు చేసింది చూడు అని అరిచి చెప్పి, పైకి తీసింది.

మా దిక్కు చావు కబురు కార్డుకే మూలలకు నలుపు పూస్తారు. అది చేతికి రాగానే చదివి, చింపి, గడప బయట పడేస్తారు. ఇంట్లో ఉంచితే ఆ కబురు మన ఇంటిది అవుతుందని భయం. ఈ సంగతి మేనత్త చేతులకు ఎంత బాగా తెలుసంటే, బుర్రను అడగకుండానే చింపేశాయి. కార్డు ముక్కలయ్యాక గానీ గొంతు లేవలేదు. లేచాక ఆగలేదు.

"బతికుండంగనే నాయినకు చావు కార్డు పంపిన్రే."

బాపు ఏడుపు అందుకున్నాడు. దూరం మంచం దగ్గర ఒక ముసలామె "పాపం, ఎప్పుడు పోయిండు?" అని అడిగింది. నర్సు పరుగున వచ్చి తాతయ్య నాడి పట్టుకుని చూసి, అందరినీ కోపంగా చూసింది. అమ్మ నా వైపు వస్తోంది, చేయి ముందుగా వస్తోంది. నా కార్డు వల్లే తాతయ్య పోతాడని నాకు నమ్మకం కుదిరిపోయింది. అంత చల్లని నేలను నేను మళ్లీ ఎక్కడా తొక్కలేదు.

అక్క వంగి ముక్కలు ఏరింది. మంచం మీద వాటిని దగ్గరగా పేర్చి కాసేపు చూసింది. తర్వాత తాతయ్య వీపు వైపు కాసేపు చూసింది. అప్పుడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అన్నది:

"గిది తాతకు గాదు. తాత కాలుకు. పొయ్యేది కాలే గద."

మేనత్త ఏడుపు నోరు తెరిచిన చోటే ఆగింది. తాతయ్య భుజం కదిలింది. ఏడుస్తున్నాడనుకున్నాం. ఆయన గోడతోనే అన్నాడు, రోజుల తర్వాత మొదటి మాట:

"పొయినంక దాన్ని యాడ ఏస్తరు?"

"ఏంది నాయినా?" అన్నాడు బాపు.

"కాలు. కోసినంక యాడ ఏస్తరంటున్న. యెనుక కుప్పల పారేస్తరట. కుక్కలు గుంజుకపోతయట."

ఆ సంగతి చెప్పింది పక్క మంచం ఆయన. ఆపరేషన్ల గురించి ఆయనకు అన్నీ తెలుసు, ఆయన చేరింది మాత్రం కడుపునొప్పికి. మద్దూరు దగ్గర మా చెలక పొలంలో మా నానమ్మను పూడ్చిపెట్టారు. పక్కన తన కోసం జాగ ఉంచుకున్నాడు తాతయ్య. సగం ఒళ్లు కుక్కలకు ఇచ్చి మిగిలిన సగంతో ఆమె దగ్గరికి ఏ మొహంతో పోవాలన్నది ఆయన బాధ. అంతే. బతుకు మీద విరక్తి కాదు, కోతంటే భయం కాదు. మేమంతా ఆయనకు బతుకు విలువ బోధిస్తూ వచ్చాం, ఆయన అడ్రసు అడుగుతున్నాడు.

బాపు కళ్లు తుడుచుకుని డాక్టరు గదికి పోయాడు. అట్లా పారేయరని, పద్ధతి ప్రకారం చేస్తారని, ఇంటివాళ్లు అడిగితే కాగితం రాయించుకుని ఇస్తారని డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని కూడా అన్నాడు. ఆ మాట ఎత్తొద్దని ఆజ్ఞ ఉంది మరి.

"నేనే తీస్కపోత నాయినా. అవ్వ పక్కకే పెడ్త," అన్నాడు బాపు.

తాతయ్య అప్పుడు ఇటు తిరిగాడు. గడ్డం మాసి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. నన్ను దగ్గరికి పిలిచాడు. పేర్చిన ముక్కల్ని చూశాడు.

"కోడి మంచిగున్నది బిడ్డా."

"నెమలి తాతా."

"అయితే మంచిగ లేదు," అన్నాడు. ఆ తర్వాత అక్కతో అన్నాడు, ఒట్టి కాలు పోతే అది బెదురుకుంటదని. అది అంటే నానమ్మ. ఈ ముసలోడు ఏడ, కాలొక్కటే వచ్చిందేందని ఆగమవుతుందట. కాబట్టి దానితో పాటు ఒక కార్డు పెట్టాలట.

సంతకం అయ్యాక, ఆయన్ని లోపలికి తీసుకుపోయే ముందు, అక్క పరుగున ఇంటికి పోయి సామాను తెచ్చింది. మంచం పక్కన నేల మీద కూర్చున్నాం. కాగితం తాతయ్యే ఎంచాడు, బంగారు అంచున్న గులాబీ రంగుది. నేను ముద్రలు కొట్టాను, ఆయన చెప్తుంటే అక్క రాసింది. ఆ కార్డు ఇప్పుడు మట్టిలో ఉంది గానీ మాటలు నాకు గుర్తున్నాయి. "కాలు ముందుగాల వస్తున్నది. దగ్గర పెట్టుకో. మిగిలినోన్ని నేను మెల్లగ వస్త. నాకేం తొందర లేదు."

మూలలకు ఏం పూయాలని భయపడుతూ అడిగాను. పసుపే పూయమన్నాడు. ఆమె పోయినప్పటి సంది ఆమెకు మంచి కబురు ఎవరు పంపిన్రు, దీన్నన్నా పంపుదాం అన్నాడు. అక్క పసుపును చుక్క నీళ్లలో కలిపి ఇచ్చింది. తడిపి పూస్తే రాలదని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు.

కాలును బాపు ఆటోలో మద్దూరు తీసుకుపోయాడు. గుంత దగ్గర మేనత్త శోకం అందుకోబోతే, మనిషి దవాఖానలో ఇడ్లీ అడుగుతున్నాడని బాపు గుర్తు చేయాల్సి వచ్చింది. తాతయ్య ఆ తర్వాత నేను కాలేజీకి వచ్చేదాకా ఉన్నాడు. తొందర లేదన్న మాట నిలబెట్టుకున్నాడు.

అక్క చేసిందేమిటో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. అది జోకు అనుకున్నాను. దాన్ని చూసే నేను జోకులు నేర్చాను. ఎవరు గట్టిగా ఏడ్చినా ఒక మాట విసిరేదాన్ని. కొన్నిసార్లు నవ్వారు, కొన్నిసార్లు వదిన వరసవాళ్లు ఏళ్లకేళ్లు మాట్లాడలేదు. తర్వాత తట్టింది, అక్క నవ్వించడానికి అనలేదని. అందరూ చుట్టూ తిరిగి పోతున్న మాటను ఆమె పేరు పెట్టి పిలిచింది. ఆ సందులోంచి తాతయ్య బయటికి వచ్చాడు.

మొన్నామధ్య బాపుకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి. ఆపరేషన్ వద్దని కూర్చున్నాడు. రాసిపెట్టింది జరుగుతది, నా పని అయిపోయింది అని మాట్లాడుతున్నాడు. అమ్మ ఏడుస్తోంది, మేనత్త ఫోనులో ఏడుస్తోంది. నేను పక్కన కూర్చుని, బాపూ, ఆడ నీది ఏం పోతదని భయం అని అడిగాను. బాపు చేయి మెల్లగా పై పెదవి మీదికి పోయింది.

"మత్తు ఇచ్చెటప్పుడు మీసం తీస్తరట గద."

డాక్టరుకు ఫోన్ చేశాను. మీసంతో పని లేదన్నాడు. బాపు వెళ్లి చేయించుకుని వచ్చాడు.

బతుకు, చావు, రాత అని పెద్ద మాటలు వినిపించినప్పుడల్లా, వాటి వెనక ఏ చిన్న వస్తువు దాక్కుందో నేను అడుగుతాను. అడిగేటప్పుడు నవ్వను. జవాబు విన్నాక కూడా నవ్వను. ముందు వాళ్లు నవ్వేదాకా ఆగుతాను. నాలాంటిదానికి అది ఎంత కష్టమో చెప్పినా మీరు నమ్మరు.