సాహెబుగారి హౌజు, మద్దిలేటి మేకలు

రైల్వే దొర అరచేతిలో పడకూడనిది పడితే, అది మందని నమ్మబలికి, ఆ తరువాత కూడా బతికి బట్టకట్టినవాడు మా తాలూకా మొత్తంలో నేనొక్కడినే. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదని నాకూ తెలుసు. కానీ నవ్వుకోవడానికి ఇంతకంటే మంచి సంగతి నా జీవితంలో మరొకటి జరగలేదు. మీరు భోజనం చేస్తూ చదువుతుంటే మాత్రం దయచేసి కాసేపు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్నాక చదవండి.

బేతంచెర్లకు కొంచెం ఎడంగా ఖాదర్ సాహెబుగారికి నాపరాళ్ళ గని ఉండేది. ఆయన ఒకసారి మదరాసు వెళ్ళి, అక్కడ తెల్లవాళ్ళ క్లబ్బులో ఈత కొలను చూసివచ్చారు. ఇక ఆయనకు కంటిమీద కునుకు లేదు. తన గనిలో తీసిన నల్లటి నున్నటి బండలు పరిపించి, బంగళా వెనకాల వేపచెట్ల మధ్య పెద్ద కొలను కట్టించారు. దానికి హౌజు అని పేరు పెట్టారు. కడవ నీళ్ళకోసం మైళ్ళు నడిచే మా ప్రాంతంలో, వట్టి ఈదడానికి ఇన్ని నీళ్ళా అని జనం బండ్లు కట్టుకుని వచ్చి చూశారు. కొందరు ముసలమ్మలు దణ్ణం కూడా పెట్టుకుని పోయారు.

నీళ్ళు మురికైతే పారబోసి కొత్తవి పట్టుకునే వైభోగం మా సీమలో ఎక్కడిది? ఉన్న నీళ్ళనే తిప్పి తిప్పి వడగట్టుకోవాలి. అందుకు సాహెబుగారు ఒక ఏర్పాటు చేయించారు. హౌజు అడుగున ఒక మూల ఇనుప జల్లెడ. దాని వెనక గొట్టం. ఆ గొట్టం గుండా ఆయిలు ఇంజను నీళ్ళు లాగి, గులకరాళ్ళు, బొగ్గులు, ఇసుక వరసగా పోసిన పెద్ద తొట్టిలోకి తోస్తుంది. తొట్టిలో తేరుకున్న నీళ్ళు మళ్ళీ హౌజులోకి వస్తాయి. ఆ ఇంజనుకూ తొట్టికీ అధిపతి మా మేనమామ ఓబులేసు. మా అత్తకు జ్వరమొస్తే ఇంత కషాయం కాచి ఇచ్చి ఊరుకునేవాడు గానీ, ఇంజను కొంచెం దగ్గిందంటే పనులన్నీ మానుకుని దాని పక్కనే కూర్చునేవాడు.

మామకు ఒక కూతురు, సుంకులమ్మ. నాకు వరసైన పిల్ల. ఆ పిల్లను చూస్తే నాకు మాట తడబడేది, చూడకపోతే అన్నం సయించేది కాదు. అయితే నేను అప్పటికి స్కూలు ఫైనలు దగ్గరే చతికిలబడి, రచ్చబండ మీద కబుర్లు చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి. మామేమో నంద్యాల నుంచి వచ్చిన ఒక గుమాస్తా సంబంధం వైపు మొగ్గుతున్నాడు. మా అమ్మ వెళ్ళి తమ్ముడి దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆయన నన్ను హౌజు దగ్గరికి పిలిపించి, సాహెబుగారి ఎదుట ఇంజను మీద చెయ్యి వేసి మాట చెప్పాడు.

"రంగా, ఈ ఏపాకులు నా పానం తీస్తాండాయి. జల్లెడకు అతుక్కుంటే ఇంజను ఊపిరాడక సస్తాది. రైల్వే దొర వచ్చి ఈత కొట్టి పొయ్యేదాకా నా తొట్టిలో ఒక్క ఆకు కనపడకుండా చూడు. పాపను నీకే ఇస్తా. ఒక్క ఆకు కనపడిందా, పాప నంద్యాలకే పోతాది."

రైల్వే దొర అంటే డోన్‌లో ఉండే ఇంజనీరు దొర. స్టేషన్లలో ప్లాట్‌ఫారాల మీద పరచడానికి బండలు కావాలని వెతుకుతున్నాడు. ఆయనను హౌజులో ఈదించి, మన రాయి ఎంత నునుపో ఒంటికి తెలిసేలా చేస్తే బేరం దానంతట అదే కుదురుతుందని సాహెబుగారి ఆలోచన. దొర రావడానికి వారం కూడా లేదు. నేను మీసం లేని చోట మీసం మెలేసి ఒప్పుకున్నాను.

వేపచెట్టు మాఘం దాటాక ఎలా ఆకు రాలుస్తుందో మీరు చూశారా? నేను చూశాను. కళ్ళు మూసుకున్నా అదే కనపడేది. గడకర్రకు సంచి కట్టి నీళ్ళలో తేలే ఆకులు దేవాను. ఇటు దేవుతుంటే అటు రాలేవి. చుట్టూ ఈతచాపలు నిలబెట్టాను. గాలికి చాపలే నీళ్ళలో పడ్డాయి. వాటిని తీయబోయి నేను పడ్డాను. నాకు ఈత రాదన్న సంగతి అప్పటిదాకా మామకు చెప్పలేదు. గట్టు పట్టుకుని వేలాడుతుంటే, తండ్రికి సద్ది తెచ్చిన సుంకులమ్మ నన్ను చూసి నిలబడింది.

"బావా, ఆకులను తీస్తాండావా, ఆకులకు తోడు పోతాండావా?" అంది.

ఆ మాటకు నాకు రోషం పొడుచుకొచ్చింది. ఎలాగైనా సరే, ఈ ఆకుల అంతు తేల్చాలనుకున్నాను. సరిగ్గా అప్పుడే మామ ఇంజను బెల్టు కోసం డోన్ వెళ్ళాడు, రెండు రోజుల్లో వస్తానన్నాడు. ఆయన అటు వెళ్ళగానే ఇటు మద్దిలేటి వచ్చాడు.

మద్దిలేటి మేకలు కాసుకునేవాడు. ఆ ఏడు వానలు లేక కంపచెట్లు కూడా ఎండిపోయాయి. నేను దేవి కుప్పపోసిన వేపాకులను చూసి అతని మొహం చిన్నబోయింది. "ఇంత మేతను నీళ్ళ పాలు చేస్తాండారే. నా జీవాలు యాడ తిరిగినా పుల్లలే కొరుకుతాండాయప్పా," అన్నాడు.

నా బుర్రలో దీపం వెలిగింది. నిజమే కదా. మా సీమలో పుట్టినవాడికి రాలిన ఆకు మేత గానీ చెత్త ఎలా అవుతుంది? ఇన్నాళ్ళూ నేను మేతతో కుస్తీ పడుతున్నాను. పిలవాల్సింది మేకలను. ఆనందం పట్టలేక మద్దిలేటిని కౌగిలించుకున్నాను. అతను కంగారుపడి కర్ర కిందపడేశాడు.

మంద లోపలికి వచ్చింది. ఏం చెప్పమంటారు ఆ వైభవం. రాలిన ఆకు తిన్నాయి, రాలబోయే ఆకు తిన్నాయి. మద్దిలేటి చెట్లెక్కి కొమ్మలు దులుపుతుంటే నేల తాకకముందే అందుకున్నాయి. తడిసిన ఈతచాపలు తిన్నాయి. నేను పక్కన పెట్టిన పొరక కూడా పిడి దాకా తినేశాయి. మామ వచ్చేదాకా మంద అక్కడే ఉంది. ఆ తోటలో భూతద్దం పెట్టి వెతికినా ఒక్క ఆకు లేదు.

ఆకులైతే పోయాయి. అయితే మేకకు ఒక నోరు మాత్రమే ఉండదు కదా.

తోటంతా పెంటికలు. గుండ్రంగా, నల్లగా, ఎక్కడ చూసినా అవే. ఇంకో ఊరివాడైతే ముక్కు మూసుకుని ఊడ్చి అవతల పారేసేవాడు. నేను రైతుబిడ్డను. పొలంలో ఒక్క రాత్రి మంద నిలపమని మేకలవాళ్ళను ఎంత బతిమాలతారో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. నా కంటికి అది మురికిలా కనపడితే కదా. బంగళా ముందున్న సాహెబుగారి గులాబీలకు ఇంత ఎరువు ఉత్తపుణ్యానికి దొరికిందని మురిసిపోయి, చేతులతో దగ్గరికి పోగుచేసి, హౌజు గట్టు చుట్టూ చిన్న చిన్న కుప్పలుగా పేర్చాను. ముగ్గు వేసినంత పొందికగా పేర్చాను కూడా. ఎండకు అవి ఎండి బెండులయ్యాయి.

మామ వచ్చాడు. హౌజు చుట్టూ తిరిగాడు. గట్టు మీది కుప్పలు గులాబీల ఎరువేలే అనుకుని దాటిపోయాడు. జల్లెడ తీసి చూశాడు. చెట్ల వైపు చూశాడు. నన్ను చూసి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి "అల్లుడూ" అన్నాడు. లగ్గాలు ఎప్పుడున్నాయో అడిగొస్తానని కూడా అన్నాడు. నా కాళ్ళు నేలమీద లేవు.

మర్నాడు మధ్యాహ్నం దొర వచ్చాడు. ఈత బట్టలు వేసుకుని హౌజు గట్టు మీద నిలబడి, నల్లరాతి మధ్య అద్దంలా మెరిసే నీళ్ళను చూసి ఏదో ఇంగ్లీషులో మెచ్చుకున్నాడు. సాహెబుగారు గర్వంగా నా భుజం తట్టారు. దొర నీళ్ళలోకి దూకాడు. మామ ఇంజను తిప్పాడు. సరిగ్గా అప్పుడు గని వైపు నుంచి సుడిగాలి లేచింది.

మా వైపు ఎండాకాలం మొదట్లో వచ్చే సుడిగాలి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు. ఎర్రదుమ్ము గిర్రున తిరుగుతూ తోటలోకి వచ్చి, హౌజు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్ళిపోయింది. వెళుతూ వెళుతూ నా కుప్పలన్నిటినీ నీళ్ళలోకి ఊడ్చేసింది. దొర మునిగి పైకి లేచేసరికి ఆయన చుట్టూ నల్లటి గింజలు తేలుతున్నాయి. కొన్ని నానుతూ మెల్లగా కిందికి దిగుతున్నాయి. జల్లెడ కన్నాలు మామ వేపాకు కొలతకు కొట్టించాడు. పెంటిక కోసమే కొట్టించాడా అన్నట్టు అవి ఒకదాని వెనక ఒకటి అందులోకి దూరాయి.

దొర దోసిట్లోకి కొన్ని తీసుకుని, వచ్చిన తెలుగులో ఇవేమిటని అడిగాడు. సాహెబుగారు నా వైపు చూశారు. మామ చూశాడు. దడి పక్కన అత్తతో నిలబడిన సుంకులమ్మ కూడా చూసింది. నంద్యాల గుమాస్తా నా కళ్ళముందు బాసికం కట్టుకుని కనపడ్డాడు. అప్పుడు నా నోరు నా అనుమతి లేకుండా పనిచేసింది.

"మందు గింజలు దొరా. మురికి నీళ్ళలో వేస్తే తేరుకుంటాయి. నల్లమల అడివిలో తప్ప యాడా దొరకవు."

ఇండుపగింజ అరగదీసి నీళ్ళు తేర్చుకునే అలవాటు మా ఇళ్ళల్లో ఉన్నదే. దొర వంటవాడు ఆయనకు అది చెప్పే ఉన్నాడట. అందుకని నమ్మేశాడు. నమ్మి ఊరుకున్నాడా? గట్టెక్కి కూర్చుని, ఒకదాన్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, మూలికే అన్నట్టు తల ఊపాడు. బంగళాలో తాగేనీళ్ళ కూజాలో వేయిస్తానని రుమాలు తెప్పించి ఒక గుప్పెడు మూటగట్టాడు. అంతటితోనూ ఆగలేదు. రుచి ఎలా ఉంటుందోనని ఒకదాన్ని నోటి దాకా తీసుకెళ్ళాడు.

"తినేది కాదు దొరా," అని అరిచాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

దొర చెయ్యి ఆగింది. ఇవి ఏ చెట్టువని అడిగాడు. నేను చెట్టు పేరు కోసం తడుముకుంటుండగా, దొర ఈతను చూడటానికి దడి అవతల నిలబడ్డ మద్దిలేటి మందలోంచి ఒక నల్లమేక, పాత చనువు కొద్దీ లోపలికి దూకింది. తిన్నగా వచ్చి దొర పక్కనే బండమీద నిలబడింది. తోక పైకెత్తింది. టపటపా టపటపా, నా మందు గింజలను తాజాగా ఆయన ముందు రాల్చింది.

దొర బండను చూశాడు. అరచేతిని చూశాడు. మళ్ళీ బండను చూశాడు. అప్పుడే ఇంజను నాలుగుసార్లు దగ్గి, ఆగిపోయింది.

దొర సబ్బు అడిగాడు. అది అరిగిపోయాక ఇంకోటి అడిగాడు. బట్టలు వేసుకుని వెళ్ళబోతూ, సాహెబుగారి నౌకరు ఆ బండమీద పెంటికలను ఒక్క ఊపులో ఊడ్చెయ్యడం, మరక కూడా మిగలకపోవడం చూశాడు. ప్లాట్‌ఫారాలకు ఈ రాయే కావాలని అక్కడికక్కడే చెప్పి వెళ్ళాడు. సాహెబుగారికి నన్ను తన్నాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. చాలాసేపు ఆలోచించి రెండూ మానుకున్నారు.

మామకు మాత్రం అంత ఆలోచన లేదు. తొట్టి మూత తీశాడు. ఇసుక మీద అలికినట్టు పచ్చటి ముద్ద పేరుకుని ఉంది. "పాప నంద్యాలకే పోతాది. ఈ మేకల మొగునికి నేను పిల్లనియ్యను," అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. నవ్వులాటకు చెప్పడం లేదు, నీళ్ళు నిండిన కళ్ళతో అక్కడే కూలబడ్డాను.

అప్పుడు సుంకులమ్మ ముందుకొచ్చింది. నలుగురిలో పెదవి విప్పని పిల్ల, తండ్రి ఎదుట నిలబడింది.

"నాయనా, నువ్వు ఇంజను మీద చెయ్యేసి చెప్పింది ఆకు మాట. పెంటికల మాట చెప్పలేదు. తొట్టి తవ్వి ఒక్క ఆకు చూపించు, నంద్యాల బండి నేనే ఎక్కుతా."

మామ మాట మీద నిలబడే మనిషి. చేతులు ముంచి తవ్వడం మొదలుపెట్టాడు. ఇసుక తీశాడు, లేదు. బొగ్గులు తీశాడు, లేదు. ఆయన ఒక్కో దోసిలి ఎత్తుతుంటే నా ప్రాణం కూడా దాంతోపాటు పైకొచ్చి కిందికి పోయేది. గులకరాళ్ళ దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. మొహం వెలిగింది. నానిపోయిన ఒక ఆకు ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

సాహెబుగారు వచ్చి కళ్ళజోడు సవరించుకుని ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. దానికి ఒక చివర దారం చుట్టి ఉంది.

"ఓబులేసూ, ఇది బీడీ. నీదే. తొట్టి కాడ తాగొద్దని ఎన్నిసార్లు చెప్పినా? రంగన్న వదిలిన ఆకు ఒక్కటీ లేదు. జబాన్ అంటే జబాన్, ఇచ్చిన మాట మాటే. పిల్లనిచ్చెయ్," అన్నారు.

మామ ఇచ్చాడు. ఇచ్చేముందు ఆ తొట్టిలో ఇసుకంతా నా చేత కడిగించాడు. మొదట కడిగిన నీళ్ళు పారించిన చోట సాహెబుగారి గులాబీలు మనిషెత్తు పెరిగాయని అందరూ చెప్పుకున్నారు. నేను మాత్రం వాటిని దగ్గరికి పోయి వాసన చూడలేదు.

ఆ కడగడం పూర్తయిన రోజే, హౌజు గట్టున నిలబడి, సాహెబుగారూ మామా సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో మేకను మనుషులు మునిగే నీళ్ళ దరిదాపులకు రానివ్వనని, తిని చూడని గింజను మందని ఏ దొరకూ చెప్పనని, చూసి కూడా చెప్పనని, గొంతు గంభీరంగా పెట్టి పలికాను. ఒట్టు గట్టిగా ఉండాలని సుంకులమ్మ తల మీద చెయ్యి పెట్టబోయాను.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"చేతులు కడుక్కోని రాపో బావా. ఒట్టు తర్వాత పెడుదువు," అంది.