ఊరి పేరు నేర్పిన అత్త

మా పక్కింటి వడ్రంగి ఎర్రగా కాల్చిన చువ్వతో కొయ్యకు తూటు పెడుతుంటాడు. ఆ కమురు వాసన కిటికీలోంచి రాగానే, ఈ వయసులో కూడా నా చూపుడువేలు దానంతటదే కదులుతుంది. ఆ వాసనలోనే నేను అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది మా మేనత్త.

ధాత సంవత్సరపు కరువు వచ్చేనాటికి నాకు నాలుగేళ్లు. పురిట్లోనే అమ్మ పోతే అత్తే నన్ను పెంచింది. ఆమె భర్త ఉదయగిరిలో వీధిబడి పంతులు. తాను చనిపోయేలోగా ఆమెకు చదవడం నేర్పాడు. అత్త మాత్రం నా చేత అఆలు వరసగా వల్లె వేయించలేదు. గరిటెలు చెక్కేవాళ్లు పారేసిన చెక్కముక్కలు ఏరుకొచ్చి, కాల్చిన చువ్వతో ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం గాడిగా లాగింది. "ఉదయగిరి" అని మా ఊరి పేరు మెల్లగా పలికి, మొదట ఏం వినపడిందని అడిగేది. నేను "ఉ" అంటే ఆ చెక్క ఒళ్లో పెట్టి, కళ్లు మూసుకుని గాడి వెంట వేలు పోనిమ్మనేది. వేలు తిరిగినంతసేపూ నోరు ఆ శబ్దం పలకాలి. నాకది ఆటే. ఆమె ముఖంలో మాత్రం నవ్వు ఉండేది కాదు. కళ్లు దారి మీదే ఉండేవి. ఆ దారిన రోజూ జనం మూటలతో తూర్పుకు పోతుండేవారు.

నాయనకు ఇది నచ్చలేదు. తాగను గంజి లేనప్పుడు ఇంత బిడ్డకు రాతలెందుకని ఒక సాయంత్రం గొణిగాడు.

"దార్లో తప్పిపోయిన బిడ్డల్ని సూసినావా? బెదిరిపోతే నోరు పెగలదురా. ఏలు రాస్తాది," అంది అత్త.

కొన్నాళ్లకు నాయన కూలి వెతుక్కుంటూ నెల్లూరు దిక్కుకు పోయాడు. కబురు రాలేదు. గింజలు అయిపోయాక అత్త నన్ను చంకనేసుకుని ఆత్మకూరు దారి పట్టింది. అలసి నన్ను దింపిన చోటల్లా మట్టిలో ఊరి పేరు రాయించేది. తప్పు రాస్తే చెరిపి మళ్లీ రాయించేది.

ఆత్మకూరులో గంజి పోసే పాక దగ్గర ఆమె భయపడిందే జరిగింది. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకున్నారు. నా చేతిలో ఉన్న కొంగు జారిపోయింది. చుట్టూ కాళ్లే తప్ప ముఖాలు లేవు. పొయ్యిల పక్కన నిలబడిపోయిన నన్ను చూసి గుమాస్తా ఒకాయన ఎవరి బిడ్డవని అడిగాడు. నోరు పెగల్లేదు. కింద చల్లారిన బూడిద ఉంది. వంగి "అత్త" అని రాశాను.

ఆయన వంగి దాన్ని చదివాడు. "మీ అత్త పేరేంది?"

నాకు తెలియదు. నాయన పేరు నేర్పింది, ఊరి పేరు నేర్పింది, తన పేరు మాత్రం ఏ చెక్క మీదా ఆమె పెట్టలేదు. ఊరి పేరు రాశాను. ఉదయగిరోళ్లు ఎవరున్నారని ఆయన గట్టిగా కేకేశాడు. ఒకటికి రెండుసార్లు కేకేశాడు. అప్పుడు జనాన్ని చీల్చుకుంటూ అత్త వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కొంగు చిరిగి ఉంది. వచ్చి నన్ను ఎత్తుకోలేదు. ముందు బూడిద వైపు చూసింది.

"గి కి గుడి ఏదే?" అంది.

నా వేలు పట్టుకుని గుడి పెట్టించింది. ఆ తర్వాతే కూలబడి నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఆమె గుండె నా వీపుకు దడదడా కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది.

ఆ రోజే ఆమె పేరు అడిగాను. ఎవరూ పిలవని పేరు గుర్తు చేసుకుంటున్నట్టు "సుబ్బమ్మ" అంది. వానలు పడ్డాక ఊరు చేరాం. ఆ వెనకాలే నాయనా వచ్చాడు, ఎముకల గూడై. అత్త మరో పదేళ్లు బతికింది.

ఇప్పుడు నా అరుగు మీద చిన్నపిల్లలు కూర్చుంటారు. నీకు అన్నం పెట్టేదెవరని ముందు అడిగి, ఆ పేరులో మొదట వినపడే శబ్దంతోనే మొదలుపెడతాను. చదువు వచ్చాక వాళ్లు ధైర్యంగా ఇళ్లకు పోతారు. నాకు మాత్రం ఆ ధైర్యం ఇప్పటికీ రాలేదు. ఆఖరి బిడ్డ సందు మలుపు తిరిగి, వాళ్లమ్మ గొంతు వినపడేదాకా గడపలోనే నిలబడి ఉంటాను.